నేవీ నేల మీద విశాఖ విమానాలు

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. అప్పట్లో ఈ తీరానికి కాపలా కాసినవి కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్ వారి వాపిటి విమానాలు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలున్న ఆ పాత విమానాలు బంగాళాఖాతం మీద గస్తీ తిరిగి, శత్రు నౌకల జాడ కనిపెట్టి చెప్పేవి. విశాఖలో విమానం ముందుగా సైన్యం పని మీదే ఎగిరింది. ఆ తర్వాతి కథంతా దాన్నుంచే నడిచింది.

1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడి విశాఖ దాని కేంద్రమైంది. ఊళ్లో పోర్టు, రిఫైనరీ, షిప్‌యార్డు ఉన్నాయి, స్టీల్ ప్లాంటు రాబోతోంది. అయినా పౌర విమానం మొదలవడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ రోజుకు ఒక్కటే. 1991లో నౌకాదళం ఇక్కడి తన వైమానిక స్థావరాన్ని ఐఎన్ఎస్ డేగాగా ప్రారంభించింది. రన్‌వే నేవీది, టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. కొత్త విమానం వేయాలన్నా, వేళలు మార్చాలన్నా నేవీ ఒప్పుకోవాల్సిందే.

పాత రన్‌వే పొడవు సుమారు 6,000 అడుగులు. చుట్టూ చూస్తే యారాడ కొండ, సింహాచలం కొండలు, మేఘాద్రి గెడ్డ. పెద్ద విమానాలు దిగాలంటే ఆ పొడవు చాలదు. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 2007లో 10,007 అడుగుల కొత్త రన్‌వే అందుబాటులోకి వచ్చింది. రెండేళ్లకు కొత్త టెర్మినల్ తెరిచారు. ఎదుగుదలకు అసలు మలుపు అదే. 2011లో సిల్క్ ఎయిర్ సింగపూర్‌కు నేరుగా విమానం వేసింది. 2018-19 నాటికి ఏడాదికి 28 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఈ దారిన రాకపోకలు సాగించారు.

మధ్యలో హుద్‌హుద్ తుపాను వచ్చింది.

2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలులు అయిదేళ్ల వయసున్న టెర్మినల్ పైకప్పును చీల్చేశాయి. అద్దాలు పగిలాయి, విమానాలకు దారి చూపే పరికరాలు దెబ్బతిన్నాయి, రన్‌వే మీదికి నీళ్లొచ్చాయి. ఊరంతా కరెంటు లేక, తాగునీళ్లు లేక అల్లాడుతున్న ఆ వారంలోనే సిబ్బంది తాత్కాలిక ఏర్పాట్లు చేసి అక్టోబరు 17న విమానాలను మళ్లీ నడిపారు. విశాఖ తేరుకున్న తీరు చెప్పేటప్పుడు ఆ అయిదు రోజుల శ్రమను తప్పక తలచుకోవాలి.

ఉన్నచోటే విమానాశ్రయాన్ని ఇంకా పెంచుదామంటే కొండలనూ కదపలేరు, నేవీ అవసరాలనూ కాదనలేరు. దానితో విజయనగరం జిల్లా భోగాపురం వైపు చూపు మళ్లింది. అక్కడి విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. జీఎంఆర్ సంస్థ నిర్మాణం చేపట్టింది. సుమారు 2,200 ఎకరాల్లో 3,800 మీటర్ల రన్‌వే, తొలి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు అన్నది ప్రణాళిక. దీనికోసం మరడపాలెం, ముడసర్లపేట వంటి పల్లెల జనం ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు చేరారు.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు విమానం ఇలా దగ్గరవుతోంది. పౌర విమానాలు అక్కడికి మారితే గాజువాక, అనకాపల్లి వాళ్లు మాత్రం ఇంటి పక్కనున్న విమానాశ్రయాన్ని వదిలి, విశాఖ ట్రాఫిక్‌ను దాటుకుని భోగాపురం చేరాలి. అందుకే ఉత్తరాంధ్రలో ఇప్పుడు విమానం మాటెత్తితే ముందు రోడ్ల సంగతే వస్తోంది.