మోకుదారి

ఆస్ట్రియా దేశంలో మెల్క్ పట్టణం మొదలుకొని క్రెమ్స్ పట్టణం వరకు డాన్యూబ్ నది సుమారు 35 కిలోమీటర్ల మేర కొండల నడుమ ఒదిగి ప్రవహిస్తున్నది. ఈ లోయకు వాఖావ్ అని పేరు. నదికి ఎగువన మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, వాటి పాదాల వద్ద చిన్న చిన్న గ్రామాలు, గ్రామాలకూ నీటికీ మధ్య ఒక సన్నని బాట. వసంతం మొదలు శరత్తు వరకు అసంఖ్యాకులైన యాత్రికులు సైకిళ్ళపై ఆ బాట వెంట సాగిపోతుంటారు. చాలచోట్ల దానిపై మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. యంత్రాల హోరు సోకని ఇట్టి దారి ఈ కాలంలో ఎట్లా మిగిలిందని ప్రశ్నిస్తే, విహారయాత్రికుల కోసం ప్రభుత్వమే వేయించిందనే సమాధానం సులభంగా వస్తుంది. అది సగం నిజం మాత్రమే. బాట సైకిలు కంటే చాల పాతది. అది విహారం కోసం పుట్టలేదు. బరువు లాగడం కోసం పుట్టింది.

ఆ బరువులో ఒక భాగం ద్రాక్షాసవమే. రోమనుల కాలంలో డాన్యూబ్ వారి సామ్రాజ్యానికి ఉత్తరపు ఎల్ల. క్రెమ్స్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న మౌటెర్న్‌లో వారి కోట ఉండేది. ఆ సామ్రాజ్యం అంతరించిన కొన్ని శతాబ్దాల తరువాత ఈ లోయలో ద్రాక్ష సేద్యాన్ని విస్తరింపజేసినవారు బవేరియా దేశపు క్రైస్తవ మఠాలవారు. వారి స్వస్థలాలు చలిసీమలు. పూజకూ పోషణకూ ద్రాక్షాసవం కావలె. అందుచేత నీడరాల్టైఖ్ మఠం ష్పిట్స్ గ్రామ పరిసరాలలోను, టెగెర్న్‌జే మఠం లోయిబెన్ గ్రామంలోను భూములు సంపాదించాయి. ఇక్కడి కొండ కఠినమైన శిల, వాలు నిట్టనిలువు. మట్టి జారిపోకుండ, సున్నం లేకుండ రాతిపై రాయి పేర్చి గోడలు కట్టి, వాటి వెనుక మట్టి నింపి మడులు తీర్చారు. పగలు తూర్పు మైదానాల నుండి వెచ్చని గాలి వీస్తుంది. రాత్రి ఉత్తరపు అడవుల నుండి చల్లగాలి దిగుతుంది. పగటి ఎండను రాతిగోడ దాచుకొని రాత్రివేళ తీగకు పంచుతుంది. ఈ మూడింటి సమ్మేళనమే ఇక్కడి ద్రాక్షకు రుచి.

పండిన పంట పీపాలకెక్కిన తరువాత అసలు సమస్య మొదలయ్యేది. మఠాలు ఎగువన ఉన్నాయి. నది దిగువకు పోతుంది. దిగువకు పోయే ప్రయాణం నదియే నడిపించేది. ఎగువ సీమల ఉప్పు, కలప మొదలైనవి ప్రవాహం వెంట వియన్నా వైపు వచ్చేవి. ఉల్మ్ పట్టణంలో కట్టిన పడవలను గమ్యం చేరిన తరువాత విప్పి కలపగా అమ్మివేయడం కూడ కద్దు. వాటిని తిరిగి ఎగువకు లాగడం కంటే కొత్త పడవ కట్టుకోవడమే చౌక. కాని ద్రాక్షాసవం, హంగరీ మైదానాల ధాన్యం ఎగువకే పోవాలి. గాలితెరలు ఇక్కడ అక్కరకు రావు. లోయ ఇరుకు, మలుపులు ఎక్కువ, ప్రవాహం వడి. మిగిలిన ఉపాయం ఒక్కటే: ఒడ్డు మీద నుండి మోకుతో లాగడం.

ఆ లాగుడు కోసం ఏర్పడిన దారికి ఆస్ట్రియాలో ట్రెపెల్‌వెగ్ అని పేరు. తొలి రోజులలో మనుష్యులే లాగేవారు. తరువాత గుర్రాలు వచ్చాయి. ప్రధాన నావను హోహెనావ్ అనేవారు. దాని వెనుక మరికొన్ని పడవలు కట్టి వరుసగా నడిపేవారు. పెద్ద వరుసకు 30 మొదలు 60 గుర్రాల వరకు పూన్చవలసి వచ్చేది. గుర్రాలపై రౌతులు, నావలో చుక్కాని పట్టేవారు, ముందు నడిచి నీటిలోతు చూసేవారు, మోకు రాళ్ళకు చిక్కుకోకుండ విడదీసేవారు, ఇట్లా ఒక చిన్న సేన కదిలినట్లుండేది. ఒక ఒడ్డున కొండ నీటిలోకి చొచ్చుకొని వచ్చిన చోట గుర్రాలన్నిటినీ పడవలకెక్కించి ఆవలి ఒడ్డుకు దాటించి మళ్ళీ మోకు తగిలించేవారు. వరద పోటులో నావ ఒరిగితే మోకు గుర్రాలను నదిలోకి ఈడ్చేది. అప్పుడు తటాలున మోకు నరకడానికి గొడ్డలి సిద్ధంగా ఉండవలె. నరకడం ఆలస్యమైతే గుర్రమూ రౌతూ నీటిపాలే.

గోదావరి, కృష్ణా కాలువల గట్లపై మోకు భుజాన వేసుకొని, ముందుకు వంగి, పడవలు లాగిన మనుష్యులను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ దృశ్యం కొత్తది కాదు. కాలువలో నీరు నెమ్మది, డాన్యూబ్‌లో నీరు ఉద్ధృతం, భేదం అంతమాత్రమే. రెండు చోట్ల కూడ గట్టు మీది బాటను ఏ ఇంజనీరు గీతలకంటే ఎక్కువగా నడిచిన పాదాలే తీర్చాయి. ఒడ్డున అడ్డుగా చెట్టు పెరగరాదు, గోడ లేవరాదు. లేచినచో మోకు సాగదు. ఆ నిర్బంధమే నీటి అంచున ఒక పట్టీని శతాబ్దాల పాటు ఖాళీగా నిలిపింది. నేటి సైకిలు యాత్రికుడు అనుభవించే అడ్డులేని దృశ్యం ఆనాటి మోకు అవసరం ఇచ్చినదే.

పంధొమ్మిదవ శతాబ్దిలో ఈ వ్యవస్థకు రెండు వైపుల నుండి దెబ్బ తగిలింది. 1803లో బవేరియా మఠాల ఆస్తులు రద్దై, వాటితో పాటు లోయలోని వారి తోటలు చేతులు మారాయి. 1829లో డాన్యూబ్ ఆవిరినౌకల సంఘం స్థాపితమైంది. 1837లో మరియా అన్నా అనే ఆవిరినౌక వియన్నా నుండి లింట్స్ నగరానికి ప్రవాహానికెదురుగా ప్రయాణించింది. గుర్రాలు వారాల తరబడి చేసే పనిని యంత్రం అతి స్వల్పకాలంలో చేసింది. 1858లో వియన్నాను లింట్స్‌తో కలిపిన రైలుమార్గం మెల్క్ మీదుగా పోయి లోయను పక్కకు వదలిపెట్టింది. రౌతులకు పని పోయింది. వారి బ్రతుకులు ఏమైనవో చెప్పే కావ్యాలు లేవు. ఆ శతాబ్ది చివర తీగవేళ్ళను తినే పురుగు ఐరోపా అంతటి వలె ఇక్కడ కూడ ద్రాక్షను దెబ్బతీసింది. లోయ నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం ఒక పరాజయ ఫలమని మరువరాదు.

లోయలోకి రైలు 1909లో క్రెమ్స్, గ్రైన్‌ల మధ్య ఉత్తరపు ఒడ్డు వెంట వచ్చింది. ఆ మార్గం నిర్మాణ సమయంలో, 1908 ఆగస్టులో, విల్లెన్‌డోర్ఫ్ గ్రామం వద్ద జరిగిన త్రవ్వకాలలో సున్నపురాతితో చెక్కిన 11 సెంటీమీటర్ల స్త్రీమూర్తి బయటపడింది. దాని వయస్సు సుమారు 30,000 సంవత్సరాలు. నేడది వియన్నా ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. ఈ ఒడ్డున మనుష్యుల రాకపోకలు ఎంత ప్రాచీనమో ఆ చిన్న బొమ్మ చెప్పినంత స్పష్టంగా ఏ శాసనమూ చెప్పలేదు.

ఇక సైకిలు కథ. 1817లో కార్ల్ డ్రైస్ అనే జర్మన్ మాన్‌హైమ్ నగరంలో రెండు చక్రాల వాహనం నడిపి చూపాడు. దానికి తొక్కుడు కమ్ములు లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవలె. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిలుతో నేటి రూపం స్థిరపడింది. మోటారుకు ముందు మంచి రోడ్లు కావాలని గట్టిగా అడిగినవారిలో సైకిలువారు ముఖ్యులు. కాని రోడ్లు మంచివైన తరువాత వాటిని మోటారు ఆక్రమించింది. సైకిలు అంచుకు నెట్టబడింది. అట్లా అంచుకు చేరిన వాహనానికి, అంచున మిగిలిపోయిన బాట ఆశ్రయమిచ్చింది. 1980 దశాబ్దిలో డాన్యూబ్ వెంట సైకిలుదారి రూపుదిద్దుకొన్నది. నేడది అట్లాంటిక్ తీరం నుండి నల్లసముద్రం వరకు పోయే ఐరోపా సైకిలుమార్గంలో ఒక భాగం.

అయితే ఆ బాట నీట మునిగిపోయే ప్రమాదం అంతకు ముందే వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆస్ట్రియా డాన్యూబ్‌పై వరుసగా జలవిద్యుత్ కేంద్రాలు కట్టింది. ఇబ్స్ వద్ద 1959లో, ఆల్టెన్‌వ్యోర్త్ వద్ద 1976లో, మెల్క్ వద్ద 1982లో అవి పనికి వచ్చాయి. మిగిలిన ఖాళీలో, అనగా వాఖావ్ నడుమ, మరొక ఆనకట్ట కట్టదలచారు. కట్టినట్లయితే నీటిమట్టం పెరిగేది, ఒడ్డు కరకట్టల చాటున పడేది. 1972 నుండి లోయ ప్రజలు సంఘంగా ఏర్పడి ప్రతిఘటించారు. ఆ యత్నం విరమింపబడింది. 1984 డిసెంబరులో వియన్నాకు దిగువన హైన్‌బుర్గ్ వద్ద వేలాది మంది చలిలో అడవిని ఆక్రమించి కూర్చుని మరొక ఆనకట్టను ఆపారు. నేడు ఆస్ట్రియాలో డాన్యూబ్ స్వేచ్ఛగా ప్రవహించే భాగాలు ఈ రెండే. 2000లో వాఖావ్ ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. విచిత్రమేమంటే, లోయ వెలుపల ఈ సైకిలుదారి చాలచోట్ల ఆ విద్యుత్ కేంద్రాల కరకట్టల మీదనే పోతుంది. సైకిలువానికి దారి ఇచ్చినవారిలో ఆనకట్ట కట్టినవారూ ఉన్నారు, ఆపినవారూ ఉన్నారు.

నేటి ప్రయాణం సర్వత్ర నిరాటంకం కాదు. ఉత్తరపు ఒడ్డున కొన్నిచోట్ల బాట రహదారిని ఆనుకొని పోతుంది. కొన్నిచోట్ల తోటల మధ్య సందులలో రైతుల ట్రాక్టర్లకు తప్పుకోవలసి ఉంటుంది. డ్యుర్న్‌ష్టైన్ వద్ద రహదారి కొండ సొరంగంలోకి దూరుతుంది. సైకిలు మాత్రం పాత ఊరి వీధిలో నుండి సాగుతుంది. పైన శిథిలమైన కోటలో, 1192లో పట్టుబడిన ఇంగ్లండు రాజు రిచర్డ్ బందీగా ఉన్నాడు. దక్షిణపు ఒడ్డు మరింత ప్రశాంతం. ష్పిట్స్ నుండి ఎదుటి ఆర్న్స్‌డోర్ఫ్‌కు దాటించే బల్లకట్టుకు ఇంజను లేదు. నదిపై కట్టిన ఇనుప మోకును ఆధారం చేసుకొని ప్రవాహబలంతోనే అది ఒడ్డు చేరుతుంది. ఒకనాడు ప్రవాహాన్ని ఎదిరించిన మోకు నేడు ప్రవాహంతో సంధి చేసుకొన్నదన్నమాట.

వాహనాలు లేని దారి అంటే శ్రమ లేని దారి అని భ్రమపడరాదు. యాత్రికుడు తల ఎత్తి చూసే రాతిగోడలు ఏటా ఎక్కడో ఒకచోట కూలుతూనే ఉంటాయి. వాటిని చేతులతోనే మళ్ళీ పేర్చాలి. నిట్టనిలువు మడులలోకి యంత్రం ఎక్కదు కనుక కోత కూడ చేతులదే. 2002లోను, 2013లోను నది పొంగి గ్రామాలలోకి వచ్చింది. బురద ఎత్తిపోసినవి కూడ చేతులే. 2024లో రాతిగోడలు పేర్చే విద్యకు సంబంధించిన ప్రపంచ గుర్తింపులో ఆస్ట్రియా కూడ చేరింది. గుర్తింపు మంచిదే. కాని గోడను నిలబెట్టేది గుర్తింపు కాదు, మరునాటి ఉదయం కొండ ఎక్కే మనిషి.

చరిత్ర రాజుల కోటలను పేరు పెట్టి గుర్తుంచుకొన్నది. మోకు లాగినవారి పేర్లు మాత్రం దానికి తెలియవు. అయినను రిచర్డు ఉన్న కోట శిథిలమైంది, వారి బాట చెడలేదు. ఎవరూ తమ సొంతమని కంచె వేయలేకపోవడం వలన, అవసరం వచ్చినప్పుడు లోయవారు దాని కోసం నిలబడడం వలన అది మిగిలింది. దానిపై తేలికగా సాగిపోయే సైకిలు చక్రాల క్రింద, వంగిన వీపుల బరువు ఇంకను ఉన్నది.