జమైకా నుంచి కమలాపురానికి

కడప జిల్లా కమలాపురంలో 1877లో నాటిన ఆ విత్తనాలు జమైకా నుంచి వచ్చాయి. అంతకు ముందు ఏడాదే మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ వాటిని తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. వానలు ముఖం చాటేసినా బతికే చెట్టు, పైగా మంచి వంటచెరకు. రాయలసీమను కరువు పీల్చి పిప్పి చేస్తున్న రోజులవి. మరోపక్క రైలింజన్లకు కట్టెలు కావాలి. ఆయన ఆలోచనను తప్పుపట్టలేం. ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ నిర్ణయించలేదు.

అదే మన సర్కారు తుమ్మ.

జహీరాబాద్ వైపు చెరువు శిఖాల్లో, నెల్లూరు, ప్రకాశం జిల్లాల చవుడు నేలల్లో, పులికాట్ ఒడ్డున, కృష్ణా ముఖద్వారం దగ్గర మడ అడవుల అంచున ఇప్పుడిదే కనిపిస్తుంది. ఉప్పునీటికీ ఎండకీ బెదరదు. ఆకును పశువు ముట్టదు, తియ్యటి కాయను మాత్రం మేక వదలదు. గింజ పెంకు గట్టిది; మేక కడుపులో మెత్తబడి, పెంటికతో కలిసి బయటపడి, తొలకరికి మొలకెత్తుతుంది. మోడు మిగిల్చి నరికితే ఒక్క కాండం బదులు గుత్తిగా కొమ్మలు లేస్తాయి. ముల్లు చెప్పును చీల్చుకుని పాదంలో దిగితే రోజుల తరబడి సలుపు.

1940లో జోధ్‌పూర్ సంస్థానం దీనికి రాజవృక్షమని బిరుదిచ్చింది. కెన్యాలో కథ కోర్టుకెక్కింది. 1980లలో అక్కడి బరింగో ప్రాంతంలో వంటచెరకు కోసమే దీన్ని నాటారు. కాయల్లోని చక్కెరకు మేకల పళ్లు పుచ్చి రాలిపోయాయి. 2006లో అక్కడి పశుపోషకులు పళ్లు లేని మేకను సాక్ష్యంగా నైరోబీ కోర్టుకే తీసుకెళ్లారు. మేత పోయినవాళ్ల గోడు వినిపించడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం ఏముంటుంది!

అయితే కోస్తా పల్లెల్లో భూమిలేని ఎన్నో కుటుంబాలకు ఈ కంపే కూడు పెడుతోంది. బొగ్గు కోసం కొట్టిన దుంగల్ని గుట్టగా పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి నిప్పు పెడతారు. చిన్న కంతల్లోంచి పొగ వస్తూ ఉండాలి. మట్టి ఎక్కడైనా పగిలి గాలి చొరబడితే అంతా బూడిదే. అందుకే రాత్రిళ్లు కూడా కాపలా కాస్తారు. ఆ బొగ్గు పట్నాల్లో ఇస్త్రీ బండ్లకూ హోటళ్ల పొయ్యిలకూ చేరుతుంది. మరోవైపు చెరువుల్లో, బంజర్లలో తుమ్మ తీయించే పథకాలు జేసీబీలకు గంటల లెక్కన డబ్బు కడుతున్నాయి. వేళ్లతో సహా పెకలించే ఆ పనికి మొదట పిలవాల్సింది ఈ బొగ్గు బట్టీల వాళ్లనే.