తాళం వేసిన యంత్రం, ఏడు రోజుల స్వేచ్ఛ

డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవాడిదేనా? ఈ ప్రశ్న వినడానికి హాస్యంగా వుంటుంది. నాగలి కొన్న రైతు దానికి కర్రు మార్చుకోవడానికి నాగలి చేసిన వడ్రంగిని అనుమతి అడగడు. గడియారం కొన్నవాడు దాన్ని విప్పి చూసుకుంటే ఎవరూ ఆక్షేపించరు. కాని గత రెండు దశాబ్దాలలో మన చేతుల్లోకి వచ్చిన యంత్రమొకటి ఈ ప్రశ్నకు కొత్త అర్థం తెచ్చింది. స్మార్ట్‌ఫోన్ కొన్నవాడు అందులో ఏ ప్రోగ్రాము నడవాలో, ఏది నడవకూడదో తాను పూర్తిగా నిర్ణయించలేడు. ఆ నిర్ణయాధికారం చాలావరకు అమ్మినవాడి దగ్గరే మిగిలిపోయింది.

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు కళాశాలల విద్యార్థులలో కొందరు ఈ తాళం తీయడానికి పడే పాట్లు పెద్దలకు పిల్లచేష్టలుగా కనిపిస్తాయి. ఏదో ఒక ఆట. ఆ ఆటలో తమ బదులు తానే పనిచేసే చిన్న స్క్రిప్టు. ఆ స్క్రిప్టును నడిపే యాప్ కంపెనీ దుకాణంలో దొరకదు. దాన్ని మరో దారిన ఫోనులోకి ఎక్కించాలి, ఎక్కించినదాన్ని వారం వారం బతికించుకోవాలి. ఇందులో చరిత్ర ఏమున్నదని కొట్టివేయడం సులభం. కాని సాధనం ఎవరిది, దానిమీద ఆధిపత్యం ఎవరిది అన్న ప్రశ్న ఎక్కడ తలయెత్తినా అక్కడ చరిత్ర వున్నది.

ఈ చరిత్రలో మొదట గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆపిల్ కంపెనీ తన ఐఫోనును 2007 జూన్ 29న అమ్మకానికి పెట్టినపుడు బయటివారు రాసిన ప్రోగ్రాములను ఫోనులోకి ఎక్కించుకునే వీలు కల్పించలేదు. కొద్ది వారాల్లోనే ఔత్సాహికులు దాని కట్టుదిట్టాలను ఛేదించారు. ఆ పనికి వారు పెట్టుకున్న పేరు జైల్‌బ్రేక్, అనగా చెరసాల బద్దలు కొట్టడం. 2008 ఫిబ్రవరిలో జే ఫ్రీమన్ అనే ప్రోగ్రామరు సిడియా అనే పంపిణీ సాధనాన్ని విడుదల చేశాడు. కంపెనీ సొంత దుకాణమైన యాప్ స్టోర్ తెరుచుకున్నది ఆ ఏడాది జూలై 10న. కాబట్టి అనధికార దుకాణం ముందు పుట్టింది, అధికార దుకాణం తరువాత వచ్చింది. జనం నడిచి వేసిన కాలిబాటకు అడ్డంగా గేటు కట్టి సుంకం పెట్టినట్లయింది. ఆ సుంకం చిన్నదేమీ కాదు. డబ్బు పుచ్చుకుని అమ్మే యాప్‌ల రాబడిలో కంపెనీ 30 శాతం వాటాను రివాజు చేసింది. 2020 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ తన ఫోర్ట్‌నైట్ ఆటలో ఈ గేటును తప్పించే చెల్లింపు మార్గం పెట్టగా, ఆపిల్ ఆ ఆటను దుకాణంలోనుంచి తీసివేసింది. ఆ వ్యాజ్యం ఇద్దరు పెట్టుబడిదారుల నడుమ లాభాల పంపిణీ తగాదా. అందులో మన సానుభూతి ఎవరికీ అక్కరలేదు. కాని ఆ తగాదావల్ల గేటు ఎక్కడున్నదో లోకానికంతటికీ తెలిసింది.

ఈ గేటు పనిచేసే తీరును అర్థం చేసుకుంటే తక్కిన విషయమంతా విశదమవుతుంది. ఫోనులో నడిచే ప్రతి ప్రోగ్రాము మీద ఒక సంకేత సంతకం వుండాలి. ఆ సంతకానికి బలమిచ్చే సర్టిఫికెట్టు కంపెనీ ఇచ్చినదై వుండాలి. సంతకం లేకపోయినా, సర్టిఫికెట్టు గడువు తీరినా, కంపెనీ దాన్ని రద్దుచేసినా ప్రోగ్రాము తెరుచుకోదు. 2015లో కంపెనీ ఒక చిన్న కిటికీ తెరిచింది. రుసుము చెల్లించకుండానే ఎవరైనా తాము రాసిన ప్రోగ్రామును తమ ఫోనులో పరీక్షించుకోవచ్చునన్నది. ఆ ఉచిత సంతకానికి గడువు ఏడు రోజులుగా స్థిరపడింది. ఏడాది పాటు నిలిచే సంతకం కావాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. 2019 సెప్టెంబరులో రైలీ టెస్టట్ విడుదల చేసిన ఆల్ట్‌స్టోర్ ఈ కిటికీలోనుంచే దారి తీసింది. ఇంట్లోని కంప్యూటరు ద్వారా వారం తిరగకముందే సంతకాన్ని మళ్ళీ మళ్ళీ వేయించడం దాని ఉపాయం. ఉచిత ఖాతామీద ఒకేసారి నిలిచేవి మూడే యాప్‌లు.

ఆటల స్క్రిప్టు యాప్‌ల సంగతి ఇంకా సున్నితమైనది. అసలు ఆట ప్రోగ్రాములోకి పరాయి భాగాన్ని చొప్పించి మళ్ళీ సంతకం చేస్తే ఆ యాప్ తయారవుతుంది. ఆట తయారీదారు కొత్త సంచిక విడుదల చేసిన రోజున పాతది పనిచేయడం మానుతుంది. కాబట్టి యాప్‌ను పెట్టుకున్నవాడికి నిత్యం రెండు గడియారాల కాపలా. ఒకటి సంతకం గడువు, రెండవది ఆట కొత్త సంచిక. ఈ బాధ పడలేనివారు పెద్ద సంస్థల కోసం ఉద్దేశించిన సర్టిఫికెట్లను ఎవరో అమ్ముతుంటే కొనుక్కుంటారు. అవి ఏ క్షణాన రద్దవుతాయో తెలియదు. 2019 జనవరి చివరలో ఫేస్‌బుక్, గూగుల్ వంటి మహాసంస్థల సర్టిఫికెట్లనే ఆపిల్ రద్దుచేయగా వారి ఉద్యోగులు వాడుకునే సొంత యాప్‌లు మూగవోయాయి. అంతటివారికే ఆ గతి పడితే, వసతిగృహంలోని విద్యార్థి కొన్న సర్టిఫికెట్టుకు భరోసా ఏపాటిది?

ఇక స్క్రిప్టు భాష పుట్టుక చూడండి. 2006లో వచ్చిన రోబ్లాక్స్ వంటి ఆటలో స్క్రిప్టులు నడిచేది లువావ్ అనే భాషలో. దాని తల్లి లువా. ఆ మాటకు పోర్చుగీసులో చంద్రుడని అర్థం. 1993లో బ్రెజిల్ దేశంలోని రియో కాథలిక్ విశ్వవిద్యాలయంలో యెరూసాలిమ్‌స్కీ, ఫిగెయ్‌రెదో, సెలెస్ అనే ముగ్గురు దాన్ని రూపొందించారు. ఆ దేశం 1977 నుంచి 1992 వరకు కంప్యూటరు సామగ్రి దిగుమతులను కట్టడిచేసి స్వదేశీ తయారీకి రక్షణ కల్పించింది. పరాయి సరకు సులభంగా దొరకని ఆ వాతావరణంలో, ప్రభుత్వ చమురు సంస్థ పెత్రోబ్రాస్ అవసరాల కోసం చేసిన కృషినుంచి ఆ భాష పుట్టింది. ఈనాడది ఎవరైనా ఉచితంగా వాడుకోదగినది. ఒక వెనుకబడిన దేశపు విశ్వవిద్యాలయం లోకానికి ఉచితంగా ఇచ్చిన భాష, సంపన్న దేశపు కంపెనీ గోడల లోపల కాపలా మధ్య నడుస్తున్నది. సామాజిక శ్రమ ఫలం సొంత ఆస్తిగా మారే తీరుకు ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

ఈ తాళం తెలుగు భాషనే నేరుగా తాకిన ఘట్టం కూడా వున్నది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరం, కంటికి కనబడని మరొక సంకేతంతో కలిసి సందేశంగా వస్తే, ఐఫోనులోని యాప్‌లు కుప్పకూలాయి. అక్షరాన్ని చిత్రించే ప్రోగ్రాములోని దోషం అది. కోట్ల మంది మాట్లాడే భాషలో జ్ఞానం అనే మాటకు మొదటి అక్షరాన్ని ఆ యంత్రం మోయలేకపోయింది. దోషం ఏమిటో గ్రహించగల తెలుగు ప్రోగ్రామర్లకు కొదవలేదు. కాని ఫోను సొంతదారు దాన్ని దిద్దుకోలేడు, కంపెనీ దిద్దేదాకా ఎదురుచూడాలి. ఫిబ్రవరి 19న దిద్దిన సంచిక వచ్చింది. తాళం ఆటలకు మాత్రమే సంబంధించినదనుకునేవారు ఈ సంఘటనను జ్ఞాపకం పెట్టుకోవాలి.

పత్తి, మిరప పండించే మన మెట్టనేలల రైతుకు ఈ కథ కొత్తది కాదు. సంకర పత్తి విత్తనంనుంచి తీసిన గింజను మళ్ళీ నాటితే మొదటి గుణం నిలవదు. ఏటేటా కొనవలసిందే. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకునే, తిరిగి నాటుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతుకిచ్చింది. కాని గింజ స్వభావంలోనే గడువు ఇమిడివున్నపుడు కాగితం మీది హక్కు అక్కరకు రాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు జన్యుగుణానికి కట్టే రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు ఫిర్యాదు చేసింది. ఆ పోరాటం తరువాత ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. ఇదే గుంటూరు పక్కన లాం ఫారంలో ప్రజాధనంతో రూపొందిన మిరప రకాలు రైతు తన కల్లంలోనే విత్తనం కట్టుకోగలిగినవి. లాం మిరప గింజకూ, రియో లువా భాషకూ చుట్టరికం వున్నది. రెండూ పదిమందీ పంచుకోగలిగినవే.

అదే సమయంలో అనధికార విత్తనం గతి కూడా మనమెరుగుదుం. కలుపుమందును తట్టుకునే పత్తి, అనుమతి లేకుండానే, 2017 నాటికి ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో కనిపించింది. బిల్లు లేని ప్యాకెట్టు. మొలవకపోతే అడిగే దిక్కులేదు. అనధికార యాప్ స్థితి కూడా అదే. దానిలో ఏ దొంగ భాగం దాగివున్నదో, ఏ ఖాతా రహస్యపదాన్ని అది మోసుకుపోతున్నదో చూపేవాడు లేడు. తాళం పగిలింది గనుక లోపలికి వచ్చినవాడు మిత్రుడే అనుకోవడం అమాయకత్వం. సంతకాన్ని వేయించిపెడతామని ఖాతా వివరాలడిగేవాడు చాలా సందర్భాల్లో కొత్త దళారి మాత్రమే.

మరొక భేదాన్ని కూడా ఖచ్చితంగా చెప్పుకోవాలి. సొంత ఫోనులో సొంత ప్రోగ్రాము నడుపుకోవడం ఒకటి, పదిమంది కలిసి ఆడే ఆటలో యంత్రం చేత ఆడించి గెలవడం మరొకటి. మొదటిది సాధనంమీద హక్కు. రెండవది సాటి ఆటగాడికి చేసిన మోసం. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం కూడా సాంకేతిక రక్షణను ఛేదించినవాడి ఉద్దేశాన్ని చూస్తుంది. ఇతరుల హక్కును భంగపరచడానికే ఛేదిస్తే శిక్ష. కంపెనీలు ఈ రెండింటినీ కావాలనే కలగలిపి, మోసగాణ్ణి చూపి తాళాన్ని సమర్థించుకుంటాయి. మనవారిలో కొందరు అదే పొరపాటును తలకిందులుగా చేసి, ప్రతి మోసాన్నీ తిరుగుబాటుగా పొగుడుతారు. రెండూ తప్పే.

అయితే తాళం ముందు మనిషి నిస్సహాయుడా? కాదు. కాని ఒంటరిగా తీసిన తాళం ఏడు రోజులకు మళ్ళీ పడుతుంది. ఈ నేలమీదనే అందుకు పాఠం వున్నది. 1921–22లో పల్నాటి రైతులు తమ పశువులను అడవిలో మేపుకోవడానికి పుల్లరి కట్టం అన్నారు. పశువు తనది, గడ్డి ప్రకృతిది, అనుమతి మాత్రం సర్కారుది. రాత్రిపూట దొంగచాటుగా తోలుకుపోయి మేపుకుంటే ఒక పశువు కడుపు ఒక పూట నిండేది. పగటిపూట ఊళ్ళకు ఊళ్ళు కట్టమన్నపుడు అది ఉద్యమమయింది. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. అదే కాలంలో చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్నుకు లొంగక ఇళ్ళే విడిచి పదకొండు నెలలు రామనగరులో గుడిసెలు వేసుకుని వున్నారు. ఆటల యాప్‌ను ఆ త్యాగాలతో తూచడం నా ఉద్దేశం కాదు. దొంగచాటు మేపుకూ, బాహాటపు నిరాకరణకూ గల తేడా ఇక్కడ కూడా వర్తిస్తుందని చెప్పడమే నా ఉద్దేశం.

వర్తమానం దీన్నే చూపుతున్నది. 2010 జూలైలో అమెరికా గ్రంథాలయ అధిపతి జైల్‌బ్రేక్‌ను చట్టనిషేధంనుంచి మినహాయించడం హక్కుల సంఘాల వాదన ఫలితం. యూరపు డిజిటల్ మార్కెట్ల చట్టం 2024 మార్చినుంచి ఆపిల్‌కు వర్తించాక, నిన్నటి అనధికార ఆల్ట్‌స్టోర్ అదే ఏప్రిల్‌లో అక్కడ చట్టబద్ధమైన దుకాణంగా తెరుచుకున్నది. ఐనా అందులోని యాప్‌లు కూడా ఆపిల్ తనిఖీ దాటాలి, ఆపిల్‌కు కొత్త రుసుమూ పుట్టింది. మన దేశంలో 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా విధించి, దుకాణం బయటినుంచి యాప్‌లు ఎక్కించుకోవడానికి అడ్డుపడవద్దన్నది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలిపి, ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టివేసింది. జరిమానా ఖజానాకు చెందుతుంది. వినియోగదారుడికి దక్కవలసిన హక్కు దక్కలేదు.

2005నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం చేస్తున్న కృషి మన కళాశాలలకు దగ్గరలోనే వున్నది. ఆటకోసం సంతకం గుట్టు తెలుసుకున్న విద్యార్థికి ఆ కృషిలో చోటున్నది. వారం వారం తన యాప్‌ను బతికించుకునే ఓర్పు, దోషం ఎక్కడున్నదో వెతికే చూపు అతనికి ఇప్పటికే అలవడ్డాయి. అతన్ని చూసి నవ్వే ఉపాధ్యాయుడు ఆ శక్తిని దళారికి వదిలేస్తున్నాడు. అతనికి లువా భాష చరిత్ర చెప్పి, సర్టిఫికెట్టు అంటే ఏమిటో తరగతిలో విప్పి చూపి, ఈ తాళంచెవి ఎవరి దగ్గర వుండాలని అడిగే ఉపాధ్యాయుడు కావాలి ఇపుడు.