విలియమ్స్ గ్రోవ్: రైతుల తోపులో రేసుల మట్టి

పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్ దగ్గర సస్క్వెహానా నది దాటి పడమటి ఒడ్డుకు వస్తే కంబర్లండ్ కౌంటీ. అందులోదే మా మెకానిక్స్‌బర్గ్. ఊరికి దక్షిణంగా నాలుగైదు మైళ్ళు పోతే, ఎల్లో బ్రీచెస్ అనే ఏటి ఒడ్డున విలియమ్స్ గ్రోవ్ ఉంది. ఒకప్పుడది విలియమ్స్ అనే కుటుంబం వారి తోపు. ఇవాళ ఆ పేరు చెబితే అమెరికాలో మట్టి ట్రాక్ అభిమానులందరికీ గుర్తొచ్చేది అరమైలు మట్టి చుట్టు, దాని మీద శుక్రవారం రాత్రుళ్ళు పరుగెత్తే స్ప్రింట్ కార్లు.

ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. రాష్ట్ర ప్రభుత్వ శాఖల కంప్యూటర్ పనుల మీద వచ్చి, పిల్లల చదువుల కోసం ఆగిపోయి, ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళం. న్యూ కంబర్లండ్‌లోని గుడి మనకు తెలుసు, కార్లైల్ పైక్ మీది దుకాణాలన్నీ తెలుసు. గాలి ఇటు తిరిగిన శుక్రవారాల్లో దూరం నుంచి వినపడే హోరు కూడా తెలుసు. ఆ హోరు వెనక ఉన్న కథ మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. ఈ ఊరి చరిత్ర తెలుసుకోవాలనుకునేవారు మొట్టమొదట వెళ్ళవలసింది ఆ ట్రాక్‌కేనని నా నమ్మకం. మనం ఇళ్ళు కట్టుకున్న ఈ నేల నిన్నమొన్నటిదాకా పొలాలు. ఆ పొలాల మనుషులు యంత్రాలతో పెంచుకున్న అనుబంధమంతా ఈ ఒక్క తోపులో, తరం తర్వాత తరంగా, ఇప్పటికీ సాగుతోంది.

మెకానిక్స్‌బర్గ్ పుట్టుకే బండి పనివాళ్ళతో ముడిపడింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పడమటికి సరుకులు మోసిన పెద్ద పెద్ద కానెస్టోగా బళ్ళను చేసేవాళ్ళు, మరమ్మతు చేసేవాళ్ళు ఇక్కడ కుదురుకున్నారు. 1828లో ఊరు అధికారికంగా ఏర్పడింది. చుట్టూ సున్నపురాతి నేల, మంచి పంట భూములు. ఊళ్ళో కమ్మరి కొలిమి, ఊరి బయట గోధుమ, మొక్కజొన్న, పాడి.

అంతర్యుద్ధం తర్వాత, 1867లో, అమెరికా రైతులు గ్రేంజ్ అనే సంఘం పెట్టుకున్నారు. రైలు కంపెనీల చార్జీలకు, దళారులకు ఎదురు నిలవడానికి, కొత్త సేద్యం నేర్చుకోవడానికి పుట్టిన సంఘమది. మెకానిక్స్‌బర్గ్‌కు చెందిన ఆర్. హెచ్. థామస్ పూనికతో 1870ల్లో విలియమ్స్ గ్రోవ్‌లో గ్రేంజ్ రైతుల వనభోజనాలు మొదలయ్యాయి. చూస్తూ చూస్తుండగానే అది వేసవి చివర రోజుల తరబడి జరిగే పెద్ద ప్రదర్శన అయింది. డిల్స్‌బర్గ్ వైపు పోయే రైలు శాఖ తోపు పక్కనుంచే వెళ్ళేది. ఆ రైళ్ళలో ఇరుగుపొరుగు రాష్ట్రాల నుంచి కూడా రైతులు కుటుంబాలతో దిగి గుడారాలు వేసుకునేవారు. కంపెనీలు కోత యంత్రాలు, ఆవిరితో నడిచే నూర్పిడి యంత్రాలు తెచ్చి నడిపి చూపించేవి. ఈ లోయలోని రైతుబిడ్డలు ఇంజన్ హోరు మొదట చెవులారా విన్నదీ, ఏది మేలైనదో చూసి బేరమాడిందీ ఇక్కడే. 1916తో ఆ ప్రదర్శనలు ఆగిపోయాయి. జనం రావడం మాత్రం ఆగలేదు. రంగులరాట్నాలు, చెక్కతో కట్టిన రోలర్ కోస్టర్‌తో తోపు వినోదాల పార్కుగా మారింది.

ఆ పార్కు యజమాని రాయ్ రిచ్‌వైన్. పార్కు పక్కనే ఆయన అరమైలు మట్టి ట్రాక్ వేయించాడు. 1939 మే 21న దాని మీద మొదటి రేసు జరిగింది. మూడేళ్ళు తిరిగేసరికి రెండో ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది. పెట్రోలు, రబ్బరు ఆదా చేయడానికి 1942 జులై చివర ప్రభుత్వం దేశమంతటా మోటారు రేసులను నిషేధించింది. 1945లో నిషేధం తొలగాక రేసులు తిరిగి మొదలై ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఆ రోజుల మహావీరుడు టామీ హిన్నర్‌షిట్జ్. తూర్పు పెన్సిల్వేనియాలో ఓలీ అనే పల్లె ఆయనది, స్వయంగా రైతు. పగలు పొలం పని, సెలవు రోజుల్లో రేసు. ఇండియానాపొలిస్ 500లో కూడా పాల్గొన్నాడు. కానీ ఆయన రాజ్యం తూర్పు తీరపు మట్టి ట్రాకులే. 1949 నుంచి 1959 మధ్య ఏడుసార్లు తూర్పు ప్రాంత స్ప్రింట్ కార్ల చాంపియన్ అయ్యాడు. మట్టిని నమ్ముకుని బతికే మనిషి మట్టి మీద రేసులు గెలిస్తే ఈ లోయ జనం ఆయన్ను తమవాడిగా గుండెల్లో పెట్టుకోవడంలో వింతేముంది?

1963లో ఇక్కడ నేషనల్ ఓపెన్ మొదలైంది. వేసవి దాటి ఆకులు రంగు మారే వేళ జరిగే ఈ రేసు దేశంలోని పెద్ద స్ప్రింట్ కార్ల రేసుల్లో ఒకటి. 1978లో టెడ్ జాన్సన్ వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ అనే బృందాన్ని కూడగట్టాడు. ఊరూరా తిరిగి రేసులాడే మేటి డ్రైవర్ల దండు అది. ఇరవైసార్లు ఆ చాంపియన్‌షిప్ గెలిచిన స్టీవ్ కిన్సర్ లాంటివాళ్ళు దేశంలో ఎక్కడికి వెళ్ళినా గెలిచి వచ్చేవారు. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం చెమటోడ్చక తప్పేది కాదు. వాళ్ళను ఎదిరించి నిలిచే స్థానిక డ్రైవర్లకు పెన్సిల్వేనియా పోసీ అని పేరు. ఫ్రెడ్ రామర్, కీత్ కాఫ్‌మన్, ఈ ఒక్క ట్రాక్ మీదే నూరుకు పైగా గెలుపులున్న లాన్స్ డ్యూవీస్, ఇలా పోసీలో ఎందరో. అవుట్‌లాస్ వచ్చిన రాత్రి మా స్టాండ్లలో నిలబడి చూస్తే ఊరి అభిమానమంటే ఏమిటో తెలుస్తుంది. మనవాడు ముందుకు దూసుకొచ్చినప్పుడు ముసలీముతకా అందరూ లేచి నిలబడతారు.

నన్ను మొదట తీసుకెళ్ళింది మా పక్కింటి పెద్దాయన. పాడి రైతుగా బతికి, వయసు మీదపడి పొలం అమ్ముకున్న మనిషి. ఆ తర్వాత నాకూ అలవాటైంది. నాన్న పల్నాడు నుంచి మా దగ్గరకు వచ్చిన వేసవిలో ఆయన్నీ తీసుకెళ్ళాను. ఆ రాత్రి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

పొద్దు వాలకముందే చేరుకున్నాం. నీళ్ళ ట్రక్కు ట్రాకంతా తడిపి వెళ్ళింది. గ్రేడరు మట్టిని చదును చేసింది. ఆ తర్వాత రేసు కార్లే నెమ్మదిగా చుట్లు తిరుగుతూ తమ వెడల్పాటి టైర్లతో తడి మట్టిని అదిమాయి. నాన్న కంచె దగ్గరికి పోయి, ఎగిరిపడ్డ మట్టిపెళ్ళ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

“పదునెక్కువగా ఉందిరా ఇప్పుడు. ఇంకో గంటాగితే సరిగ్గా వస్తుంది,” అన్నాడు.

నల్లరేగడిలో యాభై ఏళ్ళు అరక దున్నిన మనిషి మాట అక్షరాలా నిజమైంది. మట్టి ట్రాక్ రేసులో సగం విద్య ఈ పదునును గుర్తించడమే. మొదట్లో మట్టి టైరును పట్టుకుంటుంది, కార్లు వేగంగా పోతాయి. రాత్రి గడిచేకొద్దీ తేమ ఆరి, మధ్య దారి నల్లగా నున్నబడి జారుతుంది. వదులు మట్టి బయటి అంచుకు చేరి చిన్న గట్టులా పేరుకుంటుంది. ఆ గట్టుకు చక్రం ఆనించి నడపాలా, లోపలి అంచున తడి మిగిలిన చోట దూరాలా? డ్రైవరు ఈ నిర్ణయం చుట్టు చుట్టుకూ తీసుకోవాలి. మంచి పదునున్న రాత్రి ఈ అరమైలు చుట్టును 17 సెకన్ల లోపే చుట్టేస్తారు. అంటే మలుపులతో కలిపి సగటున గంటకు 170 కిలోమీటర్లకు పైమాటే.

ఆ కారు సంగతీ చెప్పాలి. దానికి స్టార్టరు లేదు, క్లచ్ లేదు, మామూలు గేర్లూ లేవు. వెనకనుంచి ఒక ట్రక్కు తోస్తేనే ఇంజన్ అందుకుంటుంది. ఇంజన్ పరిమాణం 410 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 6.7 లీటర్లు. శక్తి దాదాపు 900 హార్స్‌పవర్. డ్రైవరుతో కలిపి బరువు 650 కిలోలకు అటూ ఇటూ. ఇంధనం మిథనాల్. నెత్తిన అడ్డంగా పెద్ద రెక్క ఉంటుంది, గాలి దాన్ని కిందికి నొక్కి టైర్లను మట్టికి అదిమి పెడుతుంది. ఆ రెక్కను ముందుకూ వెనక్కూ జరిపే మీట డ్రైవరు చేతికి అందేలా ఉంటుంది. కుడి వెనక టైరు ఎడమదాని కంటే పెద్దది. అందుకే కారు తనంతట తానే ఎడమకు తిరగాలని చూస్తుంది. తిరిగే మలుపులన్నీ ఎడమకే. మలుపులో కారు అడ్డంగా జారుతుంటే ముందు చక్రాలు కుడికి తిరిగి ఉంటాయి, ఎడమ ముందు చక్రం ఒక్కోసారి నేల విడిచి గాల్లో తేలుతుంది. శిరస్త్రాణపు అద్దం మీద పలుచటి పారదర్శక పొరలు అతికించుకుని, బురద కమ్మినప్పుడల్లా ఒక్కో పొరా చించి పారేస్తారు.

ముందు హీట్ రేసులనే చిన్న అర్హత పోటీలు. వాటిలో చోటు దక్కనివారికి కన్సొలేషన్ రేసు. చివరికి ఫీచర్ అనే 25 చుట్ల అసలు రేసు. పచ్చజెండా ఊగినప్పుడు కార్లన్నీ ఒక్కసారిగా మొదటి మలుపులోకి దిగితే కూర్చున్న బల్ల అదిరింది. మిథనాల్ ఘాటు ముక్కుకు తగిలింది. మట్టి బెడ్డలు మా ఒళ్ళో పడ్డాయి. బీర్ హిల్ అని పేరుపడ్డ దిబ్బ మీద జనం కేకలు పెడుతున్నారు. నాన్న చెవుల్లో దూదిలాంటి బిళ్ళలు పెట్టుకుని, కళ్ళార్పకుండా బయటి అంచున పోతున్న ఒక్క కారునే చూస్తూ కూర్చున్నాడు. అంచున పేరుకున్న గట్టును నమ్ముకున్న ఆ డ్రైవరు వెనకనుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ మూడో స్థానానికి వచ్చాడు.

రేసు అయ్యాక అభిమానులను కార్లు నిలిపి బాగుచేసుకునే పిట్స్‌లోకి రానిచ్చారు. అక్కడే నాన్నకు ఈ ఆట పూర్తిగా అర్థమైంది. తండ్రి ఇంజన్ మూత విప్పుతున్నాడు, కొడుకు చక్రాల మట్టి గోకుతున్నాడు, ఇల్లాలు టీ షర్టులు అమ్ముతోంది, మనవరాలు అభిమానులకు డ్రైవరు బొమ్మలున్న కార్డులు పంచుతోంది. వారమంతా ఎవరి ఉద్యోగం వారు చేసుకుని రాత్రుళ్ళు గ్యారేజీలో కారు మీద పనిచేసే కుటుంబాలు చాలా ఉన్నాయక్కడ. బహుమతి సొమ్ము టైర్లకూ ఇంజను మరమ్మతుకూ చాలితే గొప్ప.

“ఇది మన ఎడ్ల బండలాగుడేరా,” అన్నాడు నాన్న. “ఏడాదంతా ఉలవలు పెట్టి గిత్తల్ని మేపేది లాభం కోసమా? మన జత నలుగురిలో నిలబడాలని.”

ఈ ఆట ప్రాణాలు కూడా తీసుకుంది. గులాబీ రంగు కారుతో ఈ లోయలో ఇంటింటికీ తెలిసిన క్రేమర్ విలియమ్సన్ 2013లో లింకన్ స్పీడ్‌వేలో ప్రమాదానికి గురై మరణించాడు. టెనెసీ నుంచి వచ్చి ఇక్కడివాడైపోయిన గ్రెగ్ హాడ్‌నెట్ 2018లో యార్క్ కౌంటీలోని ఒక ట్రాక్ మీద ప్రాణాలు విడిచాడు. వాళ్ళ పేర్లున్న చొక్కాలు ఇప్పటికీ స్టాండ్లలో కనిపిస్తాయి. ప్రమాదం జరిగిన క్షణంలో వేలమంది ఒక్కసారిగా నిశ్శబ్దమై, డ్రైవరు కారులోంచి బయటికి వచ్చి చేయి ఊపేదాకా నిలబడే ఉంటారు. అతని జట్టు ఏదని ఎవరూ అడగరు.

మిగతా ట్రాకుల గతి చూస్తే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. హిన్నర్‌షిట్జ్ ఏలిన రెడింగ్ ఫెయిర్‌గ్రౌండ్స్ ట్రాక్ 1979లో మూతపడింది, ఆ స్థలంలో షాపింగ్ మాల్ లేచింది. మన కార్లైల్ పైక్ పక్కనే ఉన్న సిల్వర్ స్ప్రింగ్ స్పీడ్‌వే 2005లో మూతపడింది. వారం వారం మనం బియ్యం, పాలు కొనుక్కునే వాల్‌మార్ట్ ఉన్నది ఆ నేల మీదే. విలియమ్స్ గ్రోవ్ పార్కు 1972లో ఆగ్నెస్ తుపాను వరదకు మునిగింది, ఆ ఏడే మోర్గన్ హ్యూస్ అనే ఆయన దాన్ని కొన్నాడు. మళ్ళీ లేచి మూడు దశాబ్దాలు నడిచిన పార్కు కూడా 2005 తర్వాత తెరుచుకోలేదు. ఇప్పుడు లోయ పొడవునా పంట పొలాల్లో గిడ్డంగులు లేస్తున్నాయి. ఇళ్ళు పెరిగేకొద్దీ ఈ చప్పుడు మాకెందుకనే మాటా పెరుగుతుంది.

ఆ మాట అనేవాళ్ళలో మనం ఉండకూడదు. ఆ చప్పుడు మన ఇళ్ళకంటే ముందునుంచీ ఇక్కడ ఉంది. మన పొలాల్లో ప్లాట్లు పడి, బండ లాగే గిత్తలు అరుదైపోతుంటే బాధపడతాం. ఇక్కడి రైతు కుటుంబాలకూ సరిగ్గా అదే బాధ. వాళ్ళ నేల కొనుక్కుని వచ్చిన మనం వాళ్ళ పండగను కూడా గౌరవించాలి. గౌరవించడమంటే వెళ్ళి టికెట్ కొని కూర్చోవడం. మార్చిలో మొదలై అక్టోబరు దాకా రేసులు ఉంటాయి. పిల్లల చెవులకు రక్షణ పెట్టండి, పాత బట్టలు వేసుకోండి, కూర్చోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్ళండి. ముందుగా యార్క్ స్ప్రింగ్స్ దగ్గర ఉన్న ఈస్టర్న్ మ్యూజియం ఆఫ్ మోటార్ రేసింగ్ చూడగలిగితే మరీ మంచిది. ఒకప్పటి మేటి డ్రైవర్ లిన్ ప్యాక్స్‌టన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమించి నిలబెట్టిన చోటది. పాత కార్లన్నీ అక్కడ కళ్ళెదుట ఉంటాయి.

మా పిల్లలు ఇక్కడే పుట్టారు. సొంతూరు ఏదని అడిగితే వాళ్ళు చెప్పేది మెకానిక్స్‌బర్గ్. వాళ్ళకు ఈ ఊరి కథ చెప్పవలసిన బాధ్యత మనదే. బండి పనివాళ్ళతో మొదలై, గ్రేంజ్ రైతుల తోపు దాటి, ఓలీ రైతు గెలుపుల మీదుగా ఈ శుక్రవారం దాకా వచ్చిన కథ ఇది. స్టాండ్లలో నాలుగు తెలుగు కుటుంబాలు క్రమంగా కనిపిస్తే ఆ కథలో మనకూ చోటు దొరుకుతుంది, ట్రాక్‌కూ ఇంకో తరం దొరుకుతుంది.