రంగులరాట్నం మీద యాభై ఆరేళ్లు: డీప్ పర్పుల్ దాస్తాన్



గజళ్ల గురించీ ఖవ్వాలీల గురించీ రాసుకునే ఈయనకి ఈ ఇంగ్లిష్ గోల సంగీతంతో వాస్తా ఏమిటని కొందరు అడుగుతారు. వాస్తా ఉంది. ఒక మహఫిల్‌లో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయి, వాళ్ల జాగాల్లో కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటే, అది పాత మహఫిలేనా? ఈ సవాల్ మన ఖవ్వాలీ పార్టీలకీ ఉంది, ఇంగ్లండ్ హార్డ్ రాక్ బ్యాండ్లకీ ఉంది. జవాబు వెతకడానికి డీప్ పర్పుల్‌ని మించిన కిస్సా నాకు దొరకలేదు.

ఈ జమాత్ పుట్టకముందే దాని నసీబ్ దాని పేరులో రాసి ఉంది. 1967లో క్రిస్ కర్టిస్ అనే డ్రమ్మర్‌కి ఒక ఖయాల్ వచ్చింది. వాయించేవాళ్లు ఎక్కుతూ దిగుతూ ఉండే బ్యాండ్ ఒకటి పెట్టాలని. దానికి 'రౌండబౌట్' అని పేరు పెట్టాడు. అంటే మన జాతరలో తిరిగే రంగులరాట్నం. టోనీ ఎడ్వర్డ్స్ అనే వ్యాపారి పెట్టుబడి పెట్టడానికి రాజీ అయ్యాడు. తమాషా ఏమిటంటే ఆ రాట్నం మీంచి ముందుగా దిగిపోయింది కర్టిసే. అతని తీరు నిలకడగా లేక మొదట్లోనే తప్పుకున్నాడు. మిగిలినవాళ్లు 1968లో పని ముందుకు నడిపి, డీప్ పర్పుల్ అని పేరు మార్చారు. అది గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ నానమ్మకి ఇష్టమైన పాట పేరు.

మొదటి ఐదుగురు వీళ్లు: హేమండ్ ఆర్గన్ మీద జాన్ లార్డ్, గిటార్ మీద బ్లాక్‌మోర్, బేస్ మీద నిక్ సింపర్, గొంతు రాడ్ ఎవాన్స్‌ది, డ్రమ్స్ మీద ఇయాన్ పేస్. పేస్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాదే 'హష్' అనే పాట అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఏడాదిన్నర లోపే మూడు ఆల్బమ్‌లు తీశారు.

ఇక్కడే నాకు మొదటి నుంచీ చేదుగా అనిపించే సంగతి ఒకటుంది. 1969లో లార్డ్, బ్లాక్‌మోర్, పేస్ ముగ్గురికీ ఇంకా గట్టి సంగీతం వైపు వెళ్లాలనిపించింది. ఎవాన్స్ గొంతు మెత్తనిది, దానికి పనికిరాదనుకున్నారు. 'ఎపిసోడ్ సిక్స్' అనే బ్యాండ్ నుంచి ఇయాన్ గిలన్‌ని, రోజర్ గ్లోవర్‌ని తెచ్చుకుని లండన్‌లోని హాన్‌వెల్ కమ్యూనిటీ సెంటర్‌లో చాటుగా రియాజ్ మొదలుపెట్టారు. ఎవాన్స్, సింపర్ ఇద్దరూ అదే సమయంలో ఆ బ్యాండ్‌తోనే వేదికల మీద ఉన్నారు. వాళ్లకి ఖబర్ లేదు. సంగీతపరంగా ఆ ఫైస్‌లా సరైనదే కావచ్చు, చరిత్ర దాన్నే గెలిపించింది. ఇన్సానియత్ పరంగా మాత్రం అది దగా. తర్వాత సింపర్ అదాలత్‌కి వెళ్లి ఒక్కసారి ముట్టే మొత్తం తీసుకుని, రాయల్టీల మీద హఖ్ వదులుకున్నాడు. ఎవాన్స్ రాయల్టీలు ఉంచుకున్నాడు. ఈ చిన్న తేడా పదకొండేళ్ల తర్వాత ఎంత పెద్దదవుతుందో చూద్దాం.

కొత్తగా కూడిన ఐదుగురిని అభిమానులు 'మార్క్ టూ' అంటారు. ఈ బ్యాండ్ కూర్పులన్నిటికీ ఇలా నెంబర్లున్నాయి, మన నవాబుల వంశావళిలాగా. 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి లార్డ్ రాసిన కాన్చెర్టో వాయించారు. 1970లో 'ఇన్ రాక్' ఆల్బమ్ వచ్చింది. హార్డ్ రాక్ అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే నేను ఇప్పటికీ దాన్నే వినమంటాను. గిటార్‌కీ ఆర్గన్‌కీ మధ్య సవాల్-జవాబ్, దాని మీద గిలన్ ఆక్రందన, కింద పేస్ లయ. సితార్, తబలా జుగల్‌బందీ విన్న చెవులకి ఆ మజా వెంటనే పట్టుబడుతుంది.

1971 డిసెంబర్ 4. స్విట్జర్లాండ్‌లో సరస్సు ఒడ్డునున్న మాంట్రో ఊరి కాసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతోంది. ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ పేల్చాడు. కప్పు అంటుకుంది, కాసినో మొత్తం బూడిదైంది. మర్నాటి నుంచి అక్కడే ఆల్బమ్ రికార్డ్ చేద్దామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్లు సరస్సు మీద పాకుతున్న పొగని చూస్తూ ఉండిపోయారు. చివరికి చలికాలం మూతపడ్డ ఒక హోటల్ వరండాల్లో పరుపులు అడ్డుపెట్టి, రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ ట్రక్కుని బయట నిలబెట్టి పని పూర్తి చేశారు. ఆ ఆల్బమే 1972లో వచ్చిన 'మెషీన్ హెడ్'. ఆ రాత్రి మీద కట్టిన పాటే 'స్మోక్ ఆన్ ద వాటర్'. ప్రపంచంలో ఎక్కడ కుర్రాడు మొదటిసారి గిటార్ పట్టుకున్నా ముందు వాయించేది ఆ పాట మొదట్లోని ముక్కే. దాని మీద ఐదుగురి పేర్లూ ఉంటాయి: బ్లాక్‌మోర్, గిలన్, గ్లోవర్, లార్డ్, పేస్. ఆ రోజుల్లో ఎవరు ఏ ముక్క తెచ్చినా ఈ ఐదుగురి కూర్పులో కట్టిన పాటలు ఐదుగురి ఖాతాలోకే వెళ్లేవి. గొడవపడే మనుషులు చేసుకున్న మంచి కరార్ అది.

గొడవలకి కొదవ లేదు. బ్లాక్‌మోర్‌కీ గిలన్‌కీ మాటల్లేవు. ఏడాది పొడవునా ప్రయాణాలు, రికార్డింగులు, జబ్బులు. ఆరు నెలల ముందే నోటీసు ఇచ్చి, 1973 జూన్‌లో జపాన్‌లోని ఒసాకా కచేరీతో గిలన్ వెళ్లిపోయాడు. బ్లాక్‌మోర్ పట్టుబట్టడంతో గ్లోవర్‌నీ పంపేశారు. కీర్తి నడినెత్తిన ఉన్నప్పుడు ఇద్దరు దిగిపోయారన్నమాట.

వాళ్ల జాగాలోకి గ్లెన్ హ్యూస్, డేవిడ్ కవర్‌డేల్ వచ్చారు. కవర్‌డేల్ అప్పటికి ఒక చిన్న ఊళ్లో బట్టల దుకాణంలో పనిచేసే కుర్రాడు. పత్రికలో ప్రకటన చూసి టేపు పంపాడు. కొన్ని నెలల్లోనే, 1974 ఏప్రిల్‌లో, కాలిఫోర్నియా జామ్‌లో లక్షల జనం ముందు నిలబడి పాడాడు. నసీబ్ అంటే అదే మరి. హ్యూస్, కవర్‌డేల్ పాటల్లోకి సోల్, ఫంక్ రంగు తెచ్చారు. ఆ రంగు నచ్చని బ్లాక్‌మోర్ 1975లో లేచి వెళ్లి 'రెయిన్‌బో' అనే సొంత దుకాణం తెరిచాడు.

బ్లాక్‌మోర్ బదులు అమెరికన్ కుర్రాడు టామీ బోలిన్ వచ్చాడు. హునర్ పుష్కలంగా ఉన్నవాడు, మత్తుమందుల పట్టులో ఉన్నవాడు కూడా. 1975 డిసెంబర్ 4, 5 తేదీల్లో ఇండోనేసియా రాజధాని జకార్తాలో రెండు రాత్రుల కచేరీ. లక్షకు పైగా జనం. ఆ మధ్యలోనే బ్యాండ్ సిబ్బందిలో ఒకతను హోటల్ లిఫ్టు గొయ్యిలో పడి చనిపోయాడు. పోలీసులు హ్యూస్‌ని పట్టుకెళ్లి, రెండో రాత్రి పహరా మధ్య వేదిక మీదికి తెచ్చారు. ఆ దెబ్బ నుంచి ఈ కూర్పు తేరుకోలేదు. 1976 మార్చి 15న లివర్‌పూల్ కచేరీ అయ్యాక కవర్‌డేల్ రాజీనామా ఇవ్వబోతే, రాజీనామా చేయడానికి బ్యాండే మిగల్లేదని తేలింది. లార్డ్, పేస్ అప్పటికే ముగించేద్దామనుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 4న మయామీలో మత్తుమందుల వల్ల బోలిన్ చనిపోయాడు. జకార్తా మొదటి రాత్రికి సరిగ్గా ఏడాది. వయసు పాతికేళ్లు.

ఇప్పుడు ఎవాన్స్ దగ్గరికి తిరిగి వద్దాం. 1980లో డీప్ పర్పుల్ పేరుతో ఒక బ్యాండ్ మెక్సికోలో, అమెరికాలో, కెనడాలో కచేరీలు మొదలుపెట్టింది. అందులో అసలు బ్యాండ్‌లో ఎప్పుడైనా ఉన్నవాడు ఒక్క ఎవాన్సే. టిక్కెట్టు కొని వచ్చిన జనం బ్లాక్‌మోర్ కోసం, గిలన్ కోసం చూసి, కనపడక అల్లరి చేశారు. లాంగ్ బీచ్ కచేరీకి ముందు అసలు బ్యాండ్ తరఫువాళ్లు పత్రికలో ప్రకటనే వేయాల్సి వచ్చింది, ఫలానా ఫలానావాళ్లు ఇందులో వాయించరని. ముకద్దమా నడిచింది. అదాలత్ 6,72,000 డాలర్ల నష్టపరిహారం విధించింది. ఎవాన్స్ రాయల్టీలు కూడా పోయాయి. ఆ తర్వాత అతను సంగీత లోకంలో మళ్లీ కనపడలేదు.

నేను చాలాకాలంగా తర్కించుకునేది దీని గురించే. ఎవాన్స్ మొదటి రోజు నుంచీ ఉన్నవాడు. 'హష్' పాడిన గొంతు అతనిది. అతన్ని దగా చేసి పంపేశారు. అలాంటప్పుడు ఆ పేరు మీద అతనికి హఖ్ ఎందుకు లేదు? మన ఖవ్వాలీలో జవాబు సులువు. 1971లో బాబాయి ముబారక్ అలీ ఖాన్ చనిపోయాక నుస్రత్ ఫతే అలీ ఖాన్ పార్టీకి పెద్ద అయ్యాడు. 1997లో నుస్రత్ పోయాక రాహత్ ముందుకొచ్చాడు. అది ఖాందాన్. పేరు రక్తంతోపాటు వస్తుంది. డీప్ పర్పుల్‌లో రక్తసంబంధం లేదు, ఉస్తాద్-షాగిర్ద్ రిష్తా కూడా లేదు. మరి వాళ్లని కలిపి ఉంచింది ఏది?

నాకు తోచిన జవాబు, ఆ పేరు ఒక అమానత్. అమానత్ అంటే సొంత ఆస్తి కాదు, నమ్మి మన చేతికిచ్చిన సొమ్ము. ఇచ్చింది శ్రోత. ఎవాన్స్‌కి జరిగింది అన్యాయమే, ఆ హిసాబ్ బ్యాండ్‌తో తేల్చుకోవాల్సింది. అతను మోసం చేసింది మాత్రం బ్యాండ్‌ని కాదు, జేబులోంచి డబ్బు తీసి టిక్కెట్టు కొన్నవాణ్ణి.

1984లో మార్క్ టూ ఐదుగురూ మళ్లీ కలిసి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' తీశారు. పాత కోపాలు కూడా వాళ్లతోపాటే వచ్చాయి. 1989లో గిలన్‌ని తీసేశారు, జో లిన్ టర్నర్ పాడాడు. 1992లో గిలన్ తిరిగొచ్చాడు. 1993 నవంబర్‌లో పర్యటన మధ్యలోనే బ్లాక్‌మోర్ చివరిసారిగా వెళ్లిపోయాడు. జో సాట్రియానీ వచ్చి ఆ మిగిలిన కచేరీల పరువు నిలబెట్టాడు. 1994లో స్టీవ్ మోర్స్ వచ్చాడు. బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపితే పదహారేళ్లు. మోర్స్ ఉన్నది ఇరవై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ చాలామంది అతన్ని 'కొత్త గిటారిస్ట్' అనే అంటారు!

అమానత్ అంటే ఏమిటో చూపే సంగతి 1999లో జరిగింది. 1969 నాటి ఆ కాన్చెర్టో స్వరలిపి కాగితాలు 1970 తర్వాత పోయాయి. ఒక యువ డచ్ కంపోజర్ పాత రికార్డింగు వింటూ, వీడియో చూస్తూ ఆర్కెస్ట్రాలో ప్రతి వాద్యం వాయించిందీ మళ్లీ రాసి లార్డ్‌కి చూపించాడు. ముప్పై ఏళ్ల తర్వాత అదే రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆ కృతి మళ్లీ మోగింది. ఆ యువకుడు బ్యాండ్ సభ్యుడు కాదు, ఏ నెంబరూ లేదు. పోయిన సొత్తుని వెతికి తెచ్చి ఇచ్చింది ఒక శ్రోత.

2002లో లార్డ్ విశ్రాంతి తీసుకుని డాన్ ఎయిరీకి ఆర్గన్ అప్పగించాడు. 2012 జులై 16న లోకం విడిచాడు. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బ్యాండ్‌ని చేర్చుకుంది. జాబితాలో ఎవాన్స్ పేరుంది, అతను రాలేదు. బ్లాక్‌మోర్ పేరుంది, అతనూ రాలేదు. సింపర్ పేరు లేదు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా వాయిస్తున్న మోర్స్ పేరూ లేదు. ఇన్సాఫ్ ఎక్కడా పూర్తిగా దొరకదు కదా.

2022లో మోర్స్ తప్పుకున్నాడు. ఈసారి కారణం గొడవ కాదు. భార్యకి కేన్సర్, ఆమె పక్కన ఉండాలి. ఈ బ్యాండ్ జుదాయిల్లో నేను తల వంచి సలాం చేసేది దీనికే. అతని జాగాలోకి ఉత్తర ఐర్లండ్ నుంచి సైమన్ మెక్‌బ్రైడ్ వచ్చాడు. 1976లో బ్యాండ్ విడిపోయినప్పుడు ఇతను ఇంకా పుట్టనేలేదు. 2024 జులైలో అతనితో కలిసి కొత్త ఆల్బమ్ తెచ్చారు.

1968 నుంచి ఆ ఆల్బమ్ దాకా ప్రతి కూర్పులోనూ ఉన్నవాడు ఒక్కడే, ఇయాన్ పేస్. హాన్‌వెల్ దగాలో అతనికీ వాటా ఉంది, అది నేను మరచిపోను. కానీ ఆ తర్వాత అందరూ ముందు నిలబడి పోట్లాడుకుంటుంటే అతను వెనక కూర్చుని తాళం తప్పకుండా చూసుకున్నాడు. 2016లో స్వల్పంగా పక్షవాతం తగిలి కొన్ని కచేరీలు ఆగాయి. కోలుకుని మళ్లీ అదే పీట మీద కూర్చున్నాడు.

వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా సలహా: ముందు 1972 ఆగస్టులో జపాన్‌లో రికార్డయిన 'మేడ్ ఇన్ జపాన్' వినండి. ఆ తర్వాత 1996లో మోర్స్‌తో తీసిన 'పర్‌పెండిక్యులర్' వినండి. రెండిట్లోనూ గిటార్‌ని కాసేపు పక్కనపెట్టి, వెనకనున్న డ్రమ్స్ మీద చెవి పెట్టండి. అది అదే బ్యాండో కాదో మీరే చెప్పండి.