కోడిమాంసం తగవులో చిక్కిన చిన్న డీజిల్ బండి

అమెరికాలో ఇవాళ చిన్న డీజిల్ పికప్ కొత్తది కొందామన్నా దొరకదు. ఈ కథ మొదలైంది కోళ్ల దగ్గర. 1960ల ఆరంభంలో అమెరికా కోడిమాంసం చవగ్గా వచ్చిపడుతుంటే తట్టుకోలేక పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలు సుంకం పెంచాయి. ప్రతీకారంగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బ్రాందీ వంటి సరుకులతోపాటు తేలికపాటి ట్రక్కుల మీదా 25 శాతం సుంకం వేశారు. కోళ్ల తగవు ఎప్పుడో చల్లారింది, ట్రక్కుల మీద సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది.

జపాన్ కంపెనీలు దానికో దారి వెతికాయి. వెనక తొట్టి లేకుండా క్యాబిన్, చాసిస్ మాత్రమే ఓడలో దింపితే సుంకం 4 శాతమే. తొట్టి అమెరికాలో బిగించేవారు. మాజ్డా బండి ఫోర్డ్ కొరియర్‌గా, ఇసుజు బండి షెవ్రొలే లవ్‌గా అలా వచ్చినవే. 1980లో ఆ దారీ మూసేశారు.

అయినా 1979 చమురు సంక్షోభం పుణ్యమా అని 1980ల తొలి సగంలో టయోటా, నిస్సాన్, ఇసుజు, ఫోర్డ్ రేంజర్ అన్నిటిలోనూ డీజిల్ దొరికేది. రేంజర్‌లో 2.2 లీటర్ల ఇంజన్ శక్తి 59 హార్స్‌పవర్. ఎత్తు ఎక్కడానికి ఆపసోపాలు పడేది, చమురు మాత్రం పొదుపుగా తాగేది. ఈలోగా జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ కార్లలో హెడ్ గాస్కెట్లు పోయి, డీజిల్ అంటేనే జనం భయపడ్డారు. 1986లో ముడిచమురు ధర కూలింది. ఆ దశాబ్దం ముగిసేసరికి చిన్న డీజిల్ పికప్ షోరూముల్లో లేదు.

2004 నుంచి అంచెలంచెలుగా వచ్చిన నిబంధనలు పెట్రోలుకూ డీజిల్‌కూ ఒకే పొగ పరిమితి పెట్టాయి. ఊపిరితిత్తులను కాపాడే ఆ నియమాన్ని తప్పుపట్టను. కానీ పొగ శుద్ధి పరికరాల ఖర్చును పెద్ద ట్రక్కు మోసినట్టు చౌక బండి మోయలేదు. బండి చక్రాల మధ్య వైశాల్యం పెరిగేకొద్దీ మైలేజీ లక్ష్యాన్ని సడలించిన నియమం మాత్రం ముమ్మాటికీ తప్పు. చిన్నదాన్ని చిన్నదిగా ఉంచినవాడికే అది శిక్ష.

మన మహీంద్రాకూ ఇలాంటి అడ్డంకులు అనుభవమే. అమెరికాలో డీజిల్ పికప్ అమ్మాలన్న ప్రయత్నం 2010లో పంపిణీదారుతో తగవు వచ్చి తెగిపోయింది. 2018లో మిషిగన్‌లో కూర్చిన రాక్సర్ డీజిల్ బండికి రోడ్డెక్కే అనుమతే లేదు, పొలాలకూ కొండదారులకూ మాత్రమే పరిమితం. పైగా రూపం జీపును పోలి ఉందన్న ఫిర్యాదుతో 2020లో ఆకారం మార్చాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా రైతు వాడే డీజిల్ ల్యాండ్ క్రూజర్ 70 కావాలంటే అమెరికా రైతు 25 ఏళ్లు పాతబడిన బండిని దిగుమతి చేసుకోవాల్సిందే.

పొగ నియమం ఉండాలి. కోళ్ల సుంకం, వైశాల్యపు లెక్క పోవాలి.