కారు ఏసీలో గ్యాస్ నిజంగా "అయిపోతుందా"?

రోహిణీ కార్తె వచ్చిందంటే సామర్లకోట నుంచి కాకినాడ దాకా ఏ కారు షెడ్డుకి వెళ్లినా ఒకటే మాట: "ఏసీలో గ్యాస్ అయిపోయిందండి, కొట్టించేయండి." కొట్టిస్తాం, చల్లబడుతుంది. వచ్చే ఎండాకాలానికి మళ్లీ అదే మాట, మళ్లీ అదే ఖర్చు. ఈ ఎపిసోడ్‌లో ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం. కారు ఏసీ చరిత్ర కాస్త తెలిస్తే, మన కారులో తప్పు ఎక్కడుందో వెతకడం తేలికవుతుంది.

మొదట 1939. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన 1940 మోడల్ కార్లకి ఏసీ పెట్టి, చికాగో ఆటో షోలో చూపించింది. చల్లబరిచే కాయిల్ డిక్కీ వైపు ఉండేది. తమాషా ఏంటంటే, కంప్రెసర్‌కి క్లచ్ లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరిగేది. ఏసీ ఆపాలంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! ఆ బాధ తప్పించడానికే తర్వాత మాగ్నెటిక్ క్లచ్ వచ్చింది.

అందుకే మన మొదటి పరీక్ష కూడా క్లచ్చే. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ బటన్ నొక్కండి. "టక్" మని చప్పుడు వచ్చి కంప్రెసర్ ముందు భాగం తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే, వైరింగ్ చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని తిరగనివ్వదు. (కొన్ని కొత్త కార్లలో క్లచ్ ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.)

రెండోది 1954. నాష్ కంపెనీ అప్పటికే ఫ్రిజ్‌లు చేసే కెల్వినేటర్‌తో కలిసి ఉంది. వాళ్లు డిక్కీలో సామానంతా తీసేసి, హీటరు, ఏసీ కలిపి ముందు వైపే అమర్చారు. ఇప్పటి మన కార్లదీ అదే పద్ధతి. దీంతో రెండు కొత్త తప్పులకి చోటొచ్చింది.

ఒకటి, కండెన్సర్ రేడియేటర్ ముందు ఉంటుంది. ఏడీబీ రోడ్డు మీద కారు పరిగెడుతుంటే చల్లగా ఉండి, ఎక్కడైనా గేటు పడి ఆగగానే వేడిగాలి వస్తోందా? అప్పుడు ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని, లేదా కండెన్సర్‌కి పట్టిన దుమ్ముని. కోతల రోజుల్లో మన రోడ్ల మీద ఊక ఎంత ఎగురుతుందో తెలుసుగా! రెండు, హీటర్ గాలిని, చల్లగాలిని కలిపే రేకు డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. అది ఇరుక్కుంటే గ్యాస్ నిండా ఉన్నా వేడిగాలే వస్తుంది.

ఇక గ్యాస్ కథ. మొదట్లో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. జనరల్ మోటార్స్‌కి పనిచేసిన థామస్ మిజ్లీ బృందం ఆర్-12 తెచ్చింది. 1930లో ఆయన అందరి ముందూ ఆ గ్యాస్ పీల్చి, వదిలి, కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు అని. కానీ 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి వాయువులు ఓజోన్ పొరని తినేస్తాయని చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో భారత్ చేరింది. కార్లలోకి ఆర్-134ఏ వచ్చింది.

ఓజోన్‌కి ఇది హాని చెయ్యదు. కానీ వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు బలమైనది. అర కిలో గాల్లో కలిస్తే, సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత! అందుకే 2016లో కిగాలీలో దీన్ని కూడా తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో మన దేశం దాన్ని ఆమోదించింది.

ఇప్పుడు అసలు మాట. ఏసీ గ్యాస్ పెట్రోలు లాంటిది కాదండి, ఖర్చయిపోదు. అదే గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి కాస్త తగ్గడం మామూలే. కానీ ఏటా ఖాళీ అవుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి, జాయింట్ల దగ్గర జిడ్డు మరక కనిపిస్తే అదే ఆనవాలు.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కదా, దానివల్ల ఇంకో చిక్కు. లీకు బాగుచేశాక వ్యాక్యూమ్ సరిగ్గా పెట్టకుండా గ్యాస్ నింపితే, లోపల మిగిలిన తేమ వాల్వు దగ్గర గడ్డకడుతుంది. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా వస్తుంది. కారు కింద నీళ్లు కారడం మాత్రం తప్పు కాదు, అది గాలిలోంచి తీసిన తేమే.

కాబట్టి ఈసారి షెడ్డుకి వెళ్తే మూడు మాటలు అడగండి: "లీకు ఎక్కడుంది? వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? బానెట్ కింద స్టిక్కర్ మీదున్న లెక్క ప్రకారం తూకం వేసి నింపుతారా?" పాత గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా మెషిన్‌తో తియ్యమనండి. మీరు మాత్రం గొట్టాలు విప్పకండి, ఆ గ్యాస్ చర్మం మీద పడితే గడ్డకట్టించేస్తుంది. లీకు రిపేరుకి ఈ ఏడాది కాస్త ఎక్కువ ఖర్చవ్వొచ్చు. వచ్చే రోహిణికి మాత్రం ఆ పాత మాట మళ్లీ వినక్కర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.